ఎంబసీ గేటు ముందు క్యూ: ముప్పును ఎలా లెక్కగడతారు?

అమెరికా వీసా ఇంటర్వ్యూకి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌కి వెళ్ళొచ్చిన వాళ్ళని కదిపితే ముందుగా ఫోన్ గొడవే చెబుతారు. ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు, బ్యాగూ తీసుకెళ్ళనివ్వరు. కారులో వదిలేసేవాళ్ళు కొందరు, తోడొచ్చిన బావమరిది చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు కొందరు. చేతిలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో పాస్‌పోర్టు, అపాయింట్‌మెంట్ కాగితం. కడుపులో టెన్షన్. ఆ టెన్షన్‌లో ఎవరూ పట్టించుకోరు గానీ, రోడ్డుకీ అసలు భవనానికీ మధ్య ఉన్న ఆ దూరం ఆర్కిటెక్టు అందం కోసం వదిలిన ఖాళీ జాగా కాదు. విదేశాల్లో తాము కొత్తగా కట్టే దౌత్య భవనాల చుట్టూ కనీసం 100 అడుగుల ఎడం ఉండాలని అమెరికా 1999లో చట్టం చేసుకుంది. అంతకు ముందు ఏడాది ఆగస్టులో కెన్యా రాజధాని నైరోబీలో అమెరికా ఎంబసీ మీద జరిగిన బాంబు దాడిలో 213 మంది చనిపోయారు.

ఒక దేశం ఇంకో దేశంలో ఆఫీసు తెరిచినప్పుడు దానికి ఎవరి నుంచి ఎంత ముప్పు ఉందో ఎలా తేలుస్తారు? సినిమాల్లో అయితే ఎవడో గూఢచారి ఫోన్ చేసి ఫలానా రోజు, ఫలానా టైముకి అని చెప్పేస్తాడు. నిజంగా ఆ ఫోన్ వచ్చే సందర్భాలు చాలా తక్కువ. అది రానప్పుడు ఏం చేయాలో తెలియడమే ఈ పనిలో అసలు విద్య. అందులో ఎక్కడ తప్పటడుగు పడుతుందో నైరోబీ, లిబియాలోని బెంఘాజీ, కాబూల్ చూస్తే తెలుస్తుంది.

సగం గందరగోళం మాటల దగ్గరే ఉంది. ముప్పు, ప్రమాదం, భద్రతా లోపం అన్నీ ఒకటే అన్నట్టు వార్తల్లో వాడేస్తుంటారు. ఇల్లు అనుకుని చూడండి. ఊళ్ళో దొంగలు తిరుగుతున్నారు, అది ముప్పు. పెరటి తలుపు గడియ సరిగ్గా పడదు, అది లొసుగు. బీరువాలో పెళ్ళి నగలున్నాయి, అవి పోతే నష్టం. ఈ మూడూ కలిస్తేనే రిస్క్. దొంగలు ఊళ్ళోకి రావడం మన చేతిలో లేదు. గడియ మన చేతిలో ఉంది. నగలు ఇంట్లో ఉంచాలా, బ్యాంకు లాకర్లో పెట్టాలా అన్నదీ మన చేతిలోనే ఉంది. ఎంబసీ భద్రత చూసే అధికారి రాసే కాగితాలన్నీ చివరికి ఈ మూడు గళ్ళలోకే వస్తాయి. చిక్కేమిటంటే రాజధానిలో కూర్చున్న పెద్దలకు మొదటి గడి మీదున్న ఆసక్తి రెండో గడి మీద ఉండదు. "దొంగ వస్తున్నాడని సమాచారం ఉందా?" అని అడుగుతారు. "గడియ బాగు చేయించారా?" అని అడగరు. గడియకు డబ్బులవుతాయి మరి.

నైరోబీ: అటూ ఇటూ ఒకటే అంచనా

అమెరికా విదేశాంగ శాఖ తన ఎంబసీలున్న ప్రతి ఊరికీ ఉగ్రవాదం, రాజకీయ హింస, నేరాలు లాంటి అంశాల కింద విడివిడిగా గ్రేడు ఇస్తుంది. క్రిటికల్, హై, మీడియం, లో. కాపలా మనుషులైనా, గోడలైనా, డబ్బయినా ఆ గ్రేడును బట్టే కదులుతాయి. 1998లో ఉగ్రవాదం కింద నైరోబీకి ఇచ్చిన గ్రేడు మీడియం.

భవనం ఉన్న చోటు చూస్తే మాత్రం మీడియం అని ఎవరూ అనరు. మోయి అవెన్యూ, హైలీ సెలాసీ అవెన్యూ కలిసే మూల మీద, ఊరి నడిబొడ్డున, రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఉండేది. రోడ్డుకీ గోడకీ మధ్య చెప్పుకోదగ్గ ఎడం లేదు. 1983లో బీరూట్‌లో అమెరికా ఎంబసీని పేల్చేసి 63 మందిని చంపాక, అడ్మిరల్ ఇన్మన్ నాయకత్వంలోని కమిటీ 1985లో ఈ 100 అడుగుల లెక్క చెప్పింది. నైరోబీ భవనం అంతకు ముందే కట్టేశారు. రాయబారి ప్రుడెన్స్ బుష్నెల్ ఈ చోటు మంచిది కాదు, మార్చండి అని వాషింగ్టన్‌కు రాశారు. మళ్ళీ రాశారు. మీడియం గ్రేడు ఊరికి కొత్త భవనం అంటే వరసలో ఎక్కడో వెనక ఉంటుంది. డబ్బు అక్కడిదాకా రాలేదు.

ఇదే సమయంలో ఆ భవనాన్ని ఇంకొకళ్ళు కూడా అంచనా వేస్తున్నారు. 1993 చివర్లో అల్ ఖైదా మనిషి అలీ మొహమ్మద్ నైరోబీ వెళ్ళి ఎంబసీకి ఫోటోలు తీశాడు. 2000లో న్యూయార్క్ కోర్టులో నేరం ఒప్పుకుంటూ అతనే చెప్పాడు: బిన్ లాడెన్ ఆ ఫోటో చూసి, లారీ ఎక్కడిదాకా వెళ్ళగలదో చూపించాడట. అంటే శత్రువు కూడా రెండో గడే నింపాడు. రాయబారి ఉత్తరాల్లో ఉన్నదీ, బిన్ లాడెన్ ఫోటో మీద చూపించిందీ ఒకటే లొసుగు. అవతల అది పథకమైంది, ఇవతల ఫైలైంది.

1998 ఆగస్టు 7న లారీ వెనక వైపు పార్కింగ్‌లోకి వచ్చింది. భూగర్భ గ్యారేజీ దాకా వెళ్ళాలన్నది వాళ్ళ ఆలోచన. అడ్డకర్ర దగ్గరున్న కాపలా మనిషి, చేతిలో తుపాకీ కూడా లేనివాడు, ఎత్తనన్నాడు. లారీలో వచ్చిన ఇద్దరిలో ఒకడు పెద్ద శబ్దం చేసే గ్రెనేడ్ విసిరాడు. ఆ చప్పుడుకి చుట్టుపక్కల భవనాల్లో జనం ఏమైందా అని కిటికీల దగ్గరికి వచ్చారు. కొద్ది క్షణాలకే లారీ పేలింది. పక్కనున్న ఉఫుండి హౌస్ కూలిపోయింది. కిటికీల దగ్గర నిలబడ్డ ఎందరికో అద్దం పెంకులు కళ్ళల్లోకి వెళ్ళాయి. మీ ఆఫీసులో డ్రిల్లు పెట్టి, పెద్ద చప్పుడైతే కిటికీ వైపు పోవద్దు, కింద పడుకోండి అని చెబితే నవ్వుకోకండి. ఆ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే నైరోబీలో చాలామందికి చూపు మిగిలేది.

చనిపోయిన 213 మందిలో అమెరికన్లు 12 మంది. మిగిలిన వాళ్ళలో దాదాపు అందరూ కెన్యా వాళ్ళు. ఈ నిష్పత్తిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

అడ్మిరల్ క్రోవ్ నాయకత్వంలో జరిగిన విచారణ తేల్చింది ఏమిటంటే, ఈ దాడి గురించి స్పష్టమైన ముందస్తు సమాచారం లేదు, అలాంటి సమాచారం వస్తుందని నమ్ముకుని కూర్చోవడమే పొరపాటు అని.

బెంఘాజీ: ఏ జాబితాలోనూ లేని ఇల్లు

ఆ పాఠం నేర్చుకున్నారా అంటే, గోడల విషయంలో నేర్చుకున్నారు. 1999 తర్వాత కట్టిన అమెరికా ఎంబసీలు కోటల్లా ఉంటాయి. మరీ కోటల్లా ఉన్నాయని దౌత్యవేత్తలే సణుగుతుంటారు. ఊరి బయట, గోడల వెనక కూర్చుంటే ఆ దేశంలో జనం ఏమనుకుంటున్నారో ఎలా తెలుస్తుంది? ఆ సణుగుడులో న్యాయం ఉంది. ఎంబసీ ఉండేదే మనుషుల్ని కలవడానికి.

అలా మనుషుల మధ్య ఉండాలని నమ్మినవాడు లిబియాలో అమెరికా రాయబారి క్రిస్ స్టీవెన్స్. 2012లో బెంఘాజీలో అమెరికా వాళ్ళకున్న చోటు అటు ఎంబసీ కాదు, ఇటు కాన్సులేటూ కాదు. అద్దె ఇళ్ళున్న ఒక ఆవరణ, తాత్కాలిక నివాసం అని లెక్క రాసుకున్నది. ఏ రకమో తేలని చోటు కాబట్టి భవనాల ప్రమాణాలు దానికి సరిగ్గా వర్తించలేదు, బడ్జెట్ వచ్చేటప్పుడు చివర్లో నిలబడింది. మన దగ్గర కూడా చూస్తుంటాం కదా, పర్మనెంటు కాని స్కూలు బిల్డింగుకి మరమ్మతు నిధులు రావు. కాకపోతే అక్కడ పోయింది పెంకులు కాదు.

ఆ ఏడాది బెంఘాజీలో జరిగినవి వరసగా చూడండి. ఏప్రిల్‌లో ఆ ఆవరణ గోడ మీంచి చిన్న బాంబు విసిరారు. మే నెలలో రెడ్‌క్రాస్ ఆఫీసు మీద రాకెట్ దాడి. జూన్ 6న ఆవరణ గోడకే బాంబు పెట్టి పెద్ద కన్నం చేశారు. మరో అయిదు రోజులకి బ్రిటన్ రాయబారి వాహనాల మీద దాడి. బ్రిటన్ సామాను సర్దుకుని బెంఘాజీ నుంచి వెళ్ళిపోయింది. దేనికదే తీసుకుంటే ఒక్కో సంఘటనా చిన్నదే. రాసేవాళ్ళు కూడా దేనికదే రాసి పంపారు. ఇవన్నీ ఒకే దారిలో నడుస్తున్నాయి, గోడ దాటి లోపలికి వచ్చే రోజు దగ్గర్లోనే ఉంది అని అనాలంటే ఎవరో ఒకరు అన్నీ కలిపి ఒకే పేజీ మీద పెట్టాలి.

సెప్టెంబర్ 11 రాత్రి వచ్చేశారు. స్టీవెన్స్‌నీ, సమాచార అధికారి షాన్ స్మిత్‌నీ ఇంట్లో ఉన్న రక్షణ గదిలోకి తీసుకెళ్ళారు. తూటాలకు, చొరబాటుకు తట్టుకునేలా చేసిన చోటు అది. వచ్చినవాళ్ళు దాని మీద కాల్పులతో కుస్తీ పట్టలేదు. డీజిల్ పోసి ఇల్లు అంటించారు. ఇద్దరూ పొగతో చనిపోయారు. తర్వాత కొద్ది దూరంలోని ఇంకో స్థావరం మీద జరిగిన దాడిలో మరో ఇద్దరు. ఈ వ్యవహారం మీద అమెరికాలో ఏళ్ళ తరబడి రాజకీయంగా కొట్టుకున్నారు, అది మనకు అనవసరం. నాకు ఆ గది కథే ముఖ్యమనిపిస్తుంది. అంచనా వేసినవాళ్ళు తుపాకీని ఊహించారు, అగ్గిపుల్లను ఊహించలేదు. ఇక ఎలాంటి దాడికి సిద్ధపడ్డారో దానికి మాత్రమే గోడ పనికొస్తుంది.

2012 డిసెంబర్‌లో వచ్చిన విచారణ నివేదిక పద్నాలుగేళ్ళ కిందటి మాటే మళ్ళీ చెప్పింది. కచ్చితమైన హెచ్చరిక లేదంటే ముప్పు లేదని అర్థం కాదు.

ఇంటి యజమాని మనసు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఎంబసీ గోడ లోపలి సంగతులు. గోడ బయట కాపలా కాయాల్సింది ఎవరు? 1961 నాటి వియన్నా ఒప్పందం 22వ అధికరణం ప్రకారం ఆ బాధ్యత ఆతిథ్య దేశానిది. ఎంబసీలోకి అనుమతి లేకుండా పోలీసులు కూడా అడుగుపెట్టకూడదు, కానీ దాని మీదికి ఎవరూ రాకుండా చూడాల్సింది వాళ్ళే. అందుకే అంచనాలో అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇది: గొడవ మొదలైతే ఈ ప్రభుత్వం పోలీసుల్ని పంపగలదా? పంపగలిగినా పంపుతుందా? ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు.

టెహ్రాన్‌లో ఈ తేడా ఒకే ఏడాదిలో కనబడింది. 1979 ఫిబ్రవరి 14న సాయుధులు అమెరికా ఎంబసీలోకి చొరబడితే ఇరాన్ కొత్త ప్రభుత్వమే జోక్యం చేసుకుని కొన్ని గంటల్లో వాళ్ళని బయటికి పంపేసింది. నవంబర్ 4న విద్యార్థులు చొరబడినప్పుడు ఎవరూ రాలేదు. పైగా విప్లవ నేత ఖొమైనీ నుంచి ఆశీస్సులు అందాయి. 52 మంది 444 రోజులు బందీలుగా ఉండిపోయారు. గోడ అదే, గేటు అదే. మారింది యజమాని మనసు. అది ఎందుకు మారుతుందో ముందే తెలుసు కూడా. పదవి పోయిన ఇరాన్ రాజు షాను అమెరికాలోకి రానిస్తే మాకు ఇక్కడ ప్రమాదం అని టెహ్రాన్ ఎంబసీ వేసవిలోనే రాసింది. అక్టోబర్‌లో వైద్యం కోసం రానిచ్చారు.

మన అనుభవానికి వస్తే 2023 మార్చి 19 ఉంది. లండన్‌లో భారత హైకమిషన్ బాల్కనీ మీది జెండాను ఖలిస్తాన్ నిరసనకారుడు లాగేశాడు. అసలు పోలీసులే లేకపోవడం ఏమిటని ఢిల్లీ ఆ రాత్రే బ్రిటన్ దౌత్యవేత్తను పిలిపించి అడిగింది. మూడు రోజుల తర్వాత ఢిల్లీ చాణక్యపురిలో బ్రిటిష్ హైకమిషన్ ముందున్న బారికేడ్లు మాయమయ్యాయి. అదే రోజు లండన్‌లో మన హైకమిషన్ ముందు పోలీసులు బారులు తీరి కనిపించారు. బయటికి ఎవరూ ఒకదానికొకటి ముడిపెట్టలేదు. ముడిపెట్టాల్సిన పనీ లేదు. ఒక రాజధానిలో గేటు భద్రత ఇంకో రాజధానిలో గేటుతో కట్టిన తాడులాంటిది, ఒక కొస లాగితే రెండోది కదులుతుంది.

కాబూల్: ఒకే రోడ్డు, రెండు పేలుళ్ళు

అంచనా పనిచేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే కాబూల్‌లో మన ఎంబసీకి రావాలి.

2008 జులై 7, సోమవారం ఉదయం. గేటు దగ్గర వీసాల కోసం అఫ్గాన్లు నిలబడి ఉన్నారు. డిఫెన్స్ అటాషే (ఎంబసీలో సైనిక వ్యవహారాలు చూసే అధికారి) బ్రిగేడియర్ రవి దత్ మెహతా, కౌన్సెలర్ వి. వెంకటేశ్వరరావు ఉన్న కారు లోపలికి వెళ్ళబోతోంది. పేలుడు పదార్థాలు నింపిన కారు గేటు మీదికే వచ్చి పేలింది. ఆ ఇద్దరితో పాటు కాపలాగా ఉన్న ఇద్దరు ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం) జవాన్లూ చనిపోయారు. మొత్తం 58 మంది.

ఎంత మందం గోడ కట్టినా గేటు తెరుచుకునే ఆ కాసేపు అక్కడ గోడ లేనట్టే. రోజూ అదే టైముకి, అదే దారిలో వచ్చే కారు ఉంటే ఆ కాసేపు ఎప్పుడొస్తుందో చూసేవాడికి ముందే తెలిసిపోతుంది. దారీ, టైమూ మార్చుతూ ఉండమని భద్రతాధికారులు చెవిలో జోరీగలా చెప్పేది ఇందుకే. అందరికీ విసుగే. ఆఫీసు తొమ్మిదికి తెరిస్తే ఎవరైనా ఎన్ని రకాలుగా రాగలరు?

2009 అక్టోబర్ 8న అదే రోడ్డు మీద మళ్ళీ కారు బాంబు. అప్పటి విదేశాంగ కార్యదర్శి నిరుపమా రావు చెప్పిన దాని ప్రకారం పేలుడు తీవ్రత దాదాపు ముందటి ఏడాదిదే. ఈసారి మధ్యలో పేలుడుకు తట్టుకునే గోడలున్నాయి. కారు బయటి గోడ దగ్గరే ఆగిపోయింది. ముగ్గురు జవాన్లకు గాయాలయ్యాయి, ఎంబసీలో ప్రాణనష్టం లేదు. ముప్పు గడిలో ఏమీ మారలేదు, శత్రువూ అంతే, బాంబూ అంతే. లొసుగు గడిలో ఒక్క గీత మారింది.

అయినా ఆ రోజు 17 మంది చనిపోయారు. గోడకు ఇవతల కాదు, అవతల.

నైరోబీలో చెప్పిన నిష్పత్తి ఇదే. గోడను బయటికి జరిపినకొద్దీ బాంబు కూడా బయటికి జరుగుతుంది. అక్కడ బండి మీద పండ్లమ్మేవాడు, డ్యూటీలో ఉన్న పోలీసు, వీసా కోసం తెల్లారుజామునే వచ్చినవాడు ఉంటారు. పాత పద్ధతి అంచనాల్లో మొదటి పేజీ ఎంబసీ సిబ్బందితో మొదలై సిబ్బందితోనే అయిపోయేది. నా దృష్టిలో ఈ విద్యలో ఇంకా సరిగ్గా తేలని లెక్క ఇదొక్కటే. ఎంబసీ వల్లే ఆ వీధికి ముప్పు వస్తే, ఆ వీధిలో వాళ్ళ ప్రాణాలు ఎవరి గడిలో రాయాలి?

వీధి ఇంకో రకంగానూ ముఖ్యం. శత్రువు దాడికి ముందు వచ్చి చూసుకునేది అక్కడి నుంచే. ఫోటో తీయడానికి, గేటు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కపెట్టడానికి ఎవడో ఒకడు ఎక్కడో ఒకచోట నిలబడాలి. కనబడని పథకం కాసేపు కనబడే చోటు అదొక్కటే. దాన్ని పట్టేది రాయబారీ కాదు, కెమెరా కూడా సగమే. మూడేళ్ళుగా ఆ గేటు దగ్గరే ఉన్న స్థానిక కాపలా మనిషికి, కారు డ్రైవరుకి, ఎదురుగా టీ అమ్మేవాడికి ఏ ముఖం కొత్తదో తెలుస్తుంది. "నిన్నటి నుంచి ఆ మోటార్‌సైకిలు అక్కడే ఉంది సార్" అని చెప్పే మనిషి ఉంటే చాలదు. చెబితే వినేవాడు ఉండాలి, విన్నది అదే రోజు రాసేవాడు ఉండాలి. అలాంటి చిన్న మాటలు పోగుపడితేనే బెంఘాజీలో లేని ఆ ఒక్క పేజీ తయారవుతుంది.

బాంబుల గురించే చెప్పాను గానీ ముప్పంటే అదొక్కటే కాదు. 1945లో సోవియట్ పిల్లలు మాస్కోలోని అమెరికా రాయబారికి చెక్కతో చేసిన రాజముద్ర బహూకరించారు. ముచ్చటగా ఉందని ఆయన ఇంట్లో గోడకు తగిలించారు. లోపల బ్యాటరీ లేని మైక్రోఫోన్ ఉందని 1952లో గానీ బయటపడలేదు. ఏడేళ్ళపాటు వినేశారు. ఈ రకం ముప్పుకు వేరే లెక్కలున్నాయి, అది ఇంకో వ్యాసమంత కథ.

అంచనా చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది, రాసేవాళ్ళు చాలాసార్లు దాన్ని తప్పించుకోవాలని చూస్తారు. ఇక్కడ ఉండటం అవసరమా? 2021 జులైలో తాలిబాన్ కాందహార్ చుట్టూ చేరుతుంటే మన కాన్సులేట్ నుంచి భారత సిబ్బందిని, జవాన్లను వాయుసేన విమానంలో తీసుకొచ్చేశారు. నెల తర్వాత మజారే షరీఫ్ వంతు. ఆగస్టు 17న కాబూల్ నుంచి రాయబారితో సహా అందరూ వచ్చేశారు. తొందరపడ్డారన్నవాళ్ళు ఉన్నారు, ఇరవై ఏళ్ళ కష్టం వదిలేసి వచ్చారన్నవాళ్ళూ ఉన్నారు. 2022 జూన్‌లో మళ్ళీ ఒక చిన్న బృందం కాబూల్ వెళ్ళి ఎంబసీ తలుపులు తీసింది. మూసిన తలుపు మళ్ళీ తెరవొచ్చు. 2008లో ఆ గేటు దగ్గర పోయినవాళ్ళ ఇళ్ళల్లో అడిగితే ఈ లెక్క ఇంకా తేలిగ్గా తేలిపోతుంది.

నానక్‌రామ్‌గూడ సంగతికి వస్తే, వేలిముద్రలు, ఫోటో పని కాన్సులేట్ గేటు దగ్గర జరగదు. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉన్న కేంద్రంలో ముందే అయిపోతుంది. ఇంటర్వ్యూకి టైము ఇచ్చి పిలుస్తారు, మరీ ముందుగా రావద్దంటారు. పని చకచకా సాగడం ఒక ప్రయోజనం, గేటు ముందు గుంపు పలచబడటం ఇంకోటి. లోపలికి వెళ్ళిన కూతురి ఫోన్ జేబులో పెట్టుకుని, ఎండలో రోడ్డవతల నిలబడి, తలుపు వైపే చూస్తుండే తండ్రిని మాత్రం ఏ గడిలో రాస్తారో.